పచ్చగడ్డి తెలుపైన కథ

ఆకు తెల్లనిదని ఎవరైన అన్నచో మనము నవ్వుదుము. అయినను 1910వ సంవత్సరమున ఇంగ్లండులోని రాయల్ ఛాయాచిత్ర సమాజమువారి పత్రికలో ప్రకటింపబడిన కొన్ని చిత్రములలో చెట్ల ఆకులు మంచు కప్పినట్లు తెల్లగాను, మబ్బులేని ఆకాశము అమావాస్య రాత్రివలె నల్లగాను కానవచ్చెను. వానిని తీసినవాడు చిత్రకారుడు కాడు, ఇంద్రజాలికుడును కాడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడుగ నుండిన రాబర్టు విలియమ్స్ వుడ్. నేడు మార్పుచేసిన డిజిటల్ కెమెరాను చేతబట్టినవాడు దానిని పచ్చని గరికవైపు త్రిప్పి, "ఇదియే తెలుపు, గుర్తుంచుకొనుము" అని బోధించుచున్నాడు. ఈ వింత ఆచారమునకు మూలము వుడ్ పండితుని ఆ చిత్రములలోనే కలదు.

ఈ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు కొంత సిగ్గుపడదగినది. కొన్ని యేండ్ల క్రిందట, వాడి మూలబెట్టిన డిజిటల్ కెమెరా నొకదానిని నేను ఇట్లు మార్పు చేయించితిని. చేతికి వచ్చిననాడే పెరటిలోని మామిడిచెట్టును తీసి చూడగా, చెట్టు, గోడ, ఆకాశము, తాడుపై ఆరవేసిన పంచె, అన్నియు ఒకే ఎరుపు. కుంకుమనీళ్లలో ముంచి తీసినట్లుండెను. పనివాడు వస్తువును పాడుచేసినాడని తలచి అతనితో కొంత పరుషముగనే మాటలాడితిని. అతడు అంతయు విని, "కెమెరాకి ఇంకా పాత తెలుపే గుర్తుందండి. కాస్త పచ్చగడ్డి చూపించండి, సర్దుకుంటుంది" అనెను. గడ్డిని చూపితిని, సర్దుకొనెను. ఏల సర్దుకొనెనో తెలిసికొనుటకు మాత్రము రెండువందల యేండ్ల చరిత్ర తిరుగవేయవలసివచ్చెను.

మొదట తెలుపు సంగతి చూతము. దీపము వెలిగించిన గదిలో మల్లెపూవు మనకు తెల్లగనే కనబడును. నిజమునకు ఆ వెలుతురులో పసుపు, ఎరుపు పాళ్లు మెండు, నీలము కొంచెము. పూవు మీదినుండి కంటికి చేరునది పసుపు వెలుతురే. మిట్టమధ్యాహ్నపు టెండలో ఆ పూవునుండియే వచ్చు వెలుతురు వేరు. అయినను మనము రెండు వేళలను "తెల్లని మల్లె" యనియే అందుము. ఈ సర్దుబాటునకు 1902లో జర్మను శాస్త్రజ్ఞుడు యోహానెస్ ఫాన్ క్రీస్ ఒక లెక్కను సూచించెను. కంటిలో రంగులను గ్రహించు అంగములు మూడు విధములు; చుట్టును ఏ వెలుతురు అధికమైనచో దానికి సంబంధించిన అంగము తన సున్నితత్వమును తగ్గించుకొనును, కొరవడినదానికి సంబంధించినది హెచ్చించుకొనును. మూడును మూడు వేరువేరు గుణకములతో సరిచూచుకొన్న పిమ్మట తెలుపు తెలుపుగ నిలుచును. ఈ లెక్క కంటి విషయమున పూర్తిగ సరిపోదని తరువాతివారు చూపిరి గాని, నేటి కెమెరాలలో వైట్ బ్యాలెన్సు అను ఏర్పాటు దీనికి పుట్టిన బిడ్డయే.

ఫిల్ముల కాలమున కెమెరాకు ఈ నేర్పు లేదు. తెలుపును కర్మాగారమే నిర్ణయించి పంపెడిది. పగటి వెలుతురునకు 5500 కెల్విన్ అనియు, స్టూడియో దీపములకు 3200 కెల్విన్ అనియు వేరువేరు ఫిల్ములు అమ్మెడివారు. పగటి ఫిల్ముతో బల్బుల వెలుతురున తీసిన పెండ్లి చిత్రములలో పందిరియంతయు పసుపు పూసినట్లుండుట ఇండ్లలోని పాత ఆల్బములలో నేటికిని చూడవచ్చును. డిజిటల్ కెమెరాలో అట్లు కాదు. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు అంకెలు వచ్చును. తెల్లకాగితము నొకదానిని చూపి ఇది తెలుపు అన్నచో, మూడంకెలును సమానమగునట్లు ఎరుపును ఇంతచేత, నీలమును ఇంతచేత గుణింపవలెనని కెమెరా జ్ఞాపకముంచుకొనును. అంతకు మించిన మాయ ఇందులో లేదు. కెమెరాకు తెలుపు తెలియదు; మనము చూపినదానిని తెలుపుగ ఒప్పుకొనును. చూపువాడు పొరపడినచో అదియు పొరపడును.

ఇక కానరాని వెలుతురు. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ దూరదర్శినితో సూర్యుని చూచుటకు రంగుటద్దములను వాడుచు, కొన్ని అద్దములలో వెలుతురు తక్కువైనను వేడి యెక్కువగ తగులుటను గమనించెను. ఏ రంగున ఎంత వేడి కలదో కొలువదలచి, పట్టకముతో ఎండను రంగులుగ విడదీసి, వానిలో ఉష్ణమాపకము నుంచి చూచెను. ఊదానుండి ఎరుపువైపు పోవుకొలది వేడి హెచ్చెను. ఎరుపు దాటి, ఏ రంగును లేని చోట నుంచిన ఉష్ణమాపకము అంతకంటెను హెచ్చు చూపెను. నేడు మనము పరారుణ కిరణములనునవి అవియే. నలువది యేండ్లకు, 1840లో, ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ మసిపూసిన కాగితమును ఆల్కహాలులో తడిపి వర్ణపటము క్రింద నుంచెను. ఆ కిరణములు సోకినంత మేర కాగితము ముందుగ ఆరి, వాని గుర్తు నిలిచెను. ఛాయాచిత్రములు చెరగకుండ నిలుపు హైపో ద్రావణపు ఉపయోగమును తెలిపినవాడును ఈ జానే. తండ్రి కనుగొన్న వెలుతురునకు కొడుకు మొదటి బొమ్మ తీసెను.

కాని ఆనాటి ఛాయాచిత్ర ఫలకములు మనకంటెను గ్రుడ్డివి. వానికి నీలము బాగుగ కనబడును; ఎరుపు అసలే కనబడదు. నుదుటి కుంకుమబొట్టు నల్లగ వచ్చెడిది. 1873లో బెర్లినులో హెర్మన్ ఫోగెల్, రంగుద్రవ్యము కలిపినచో ఫలకమునకు ఆకుపచ్చయు కనబడునని కనిపెట్టి త్రోవ తెరచెను. 1880 నాటికి విలియం ఆబ్నీ ఎరుపు దాటిన సౌరవర్ణపటమునుకూడ ఫలకముపై పట్టగలిగెను.

వుడ్ చేసినది వేరు. ఆయన వర్ణపటమును కాదు, చెట్లను, ఆకాశమును, ఊళ్లను తీసెను. కంటికి కనబడు వెలుతురును దాదాపుగ అడ్డగించి, గాఢమైన ఎరుపును దాని ఆవలి అంచును మాత్రము పోనిచ్చు వడపోతను కటకముముందు అమర్చి, ఎండలో నిమిషముల తరబడి ఫలకమును తెరచియుంచెను. ఈయన గడుసుదనమునుగూర్చి ఒక ముచ్చట చెప్పక ముందునకు పోలేను. 1903లో ఫ్రాన్సులోని నాన్సీ నగరమున బ్లోండ్లో అను ఆచార్యుడు "ఎన్ కిరణములు" అను క్రొత్త కిరణములను కనుగొంటినని ప్రకటించెను. మరుసటియేడు వుడ్ ఆ ప్రయోగశాలకు పోయి, చీకటిలో ఎవరును చూడకుండ యంత్రమునుండి పట్టకమును తీసివేసెను. అయినను అచటివారు కిరణములు యథాప్రకారము కానవచ్చుచున్నవనిరి! ఆయన ఆ సంగతిని పత్రికకు వ్రాసినంతట ఎన్ కిరణముల కథ ముగిసెను. లేని కిరణములను లేవని తేల్చినవాడే ఆరేండ్లకు ఉన్నవానిని చూపెను గనుక లోకము నమ్మెను.

ఆకు ఏల తెల్లనయ్యెను? పత్రహరితము ఎరుపును, నీలమును ఆహారము చేసికొను పనికి గ్రహించి, ఆకుపచ్చను కొంత విడిచిపెట్టును. అందుచేతనే మనకు ఆకు పచ్చన. సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము దాటిన కిరణములతో దానికి పనిలేదు. అవి ఆకులోనికి చొచ్చి, కణముల గోడలకును నడుమనుండు గాలిసందులకును తగిలి చెదరి, ఇంచుమించు సగమువరకు వెనుకకు వచ్చును. నీటి నురుగు తెల్లగ కనబడుటయు ఇట్టి చెదరుటచేతనే. కావున ఆ వెలుతురులో ఆకు తెల్లనిదనుట అలంకారము కాదు. దీనికి వుడ్ ప్రభావమని పేరు. ఆంగ్లమున వుడ్ అనగా కఱ్ఱ గనుక, చెట్టునుబట్టి ఆ పేరు వచ్చినదని భ్రమించువారును కలరు.

శాస్త్రజ్ఞుని ఈ వేడుక యుద్ధమునకు పనికివచ్చెను. ఆకుపచ్చ రంగు పూసిన గుడారమును, పచ్చని తోపును కంటికి ఒకటే. పరారుణమునకు కాదు, ఆకు దానిని వెనుకకు కొట్టును, రంగు పూసిన గుడ్డ చాలవరకు మ్రింగును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని కొడాక్ సంస్థ ఇందులకై ఒక రంగుల ఫిల్మును తయారుచేసెను. పరారుణమును ఎరుపుగను, ఎరుపును ఆకుపచ్చగను, ఆకుపచ్చను నీలముగను చూపునట్లు దాని పొరలు కూర్చబడెను. నీలము లోనికి రాకుండ కటకముపై పసుపుటద్దము నుంచెడివారు. విమానమునుండి తీసినచో సజీవమైన తోపు నెత్తురువలె ఎర్రగను, మాటువేసిన గుడారము నీలముగను వేరుపడెను. అట్టి రంగులకు "మిథ్యావర్ణములు" అని పేరు పెట్టిరి. ఈ పేరు నాకు నచ్చదు. ఏ రంగు దేనికి బదులుగ నిలిచినదో ముందుగ చెప్పియే చూపునప్పుడు అందులో మిథ్య యేమున్నది?

యుద్ధము ముగిసిన పిదప ఆ ఫిల్ము పొలములమీదికి వచ్చెను. కాలిఫోర్నియాలో రాబర్టు కోల్వెల్, ధాన్యపు పైరులకు సోకిన తెగుళ్లను ఆకాశమునుండి ఎట్లు గుర్తింపవచ్చునో 1956లో ప్రకటించెను. మన దేశమున 1970 ప్రాంతమున పిషారోత్ రామ పిషారోటిగారి ఆధ్వర్యమున కేరళలోని కొబ్బరితోటలను హెలికాప్టరునుండి ఇట్టి ఫిల్ముతో తీసిరి. అచట కొబ్బరికి వేరుతెగులు పట్టి, చెట్టు తరువాత చెట్టు కాపు తగ్గి క్షీణించుచుండెను. ఆరోగ్యముగ నున్న చెట్టు మొవ్వు ఫిల్ములో నిండు ఎరుపు. తెగులు సోకినదాని ఎరుపు వెలవెలబోవును. క్రింద నిలిచి తల పైకెత్తి చూచువానికి అంత సులభముగ అందని భేదము పైనుండి తీసిన బొమ్మలో తేటపడెను. కొబ్బరికాయ అమ్ముకొని బ్రతుకువానికి ఇది వర్ణచమత్కారము కాదు. ఏ చెట్టును కొట్టివేయవలెను, దేనిని నిలుపుకొనవలెను అను ప్రశ్న.

భారతదేశమున దూరసంవేదన విద్యకు ఈ ప్రయోగమే నాందియని చెప్పుదురు. 1974లో సికిందరాబాదున జాతీయ సంస్థ యొకటి వెలసెను. అదియే నేడు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము. ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొను కేంద్రము షాద్‌నగరు చెంత కలదు. 1988 మార్చి 17న పైకి పోయిన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహపు కెమెరాలకు నాలుగు వెలుతురులు కనబడెడివి. నాలుగవది 770 నుండి 860 నానోమీటర్లవరకు గల పరారుణము. వానినుండి కూర్చిన పటములలో కృష్ణా, గోదావరి డెల్టాల వరిచేలు ఎర్రగ నుండుటకు కారణము ఆ యుద్ధకాలపు ఫిల్ము నేర్పిన వాడుకయే.

ఫిల్ములో ఆకు ఎరుపాయెను. మార్పుచేసిన కెమెరాలో తెలుపగుచున్నది. ఈ భేదమునకు కారణము సిలికాను. డిజిటల్ కెమెరా గుండెవంటి సెన్సారు సిలికానుతో చేయబడును. సిలికానుకు సుమారు 1100 నానోమీటర్లవరకు వెలుతురు సోకును. మన కంటి హద్దు 700 చేరువనే ఆగిపోవును. సిలికానుకు రంగులు తెలియవు గనుక దానిపై ఎరుపు, ఆకుపచ్చ, నీలపు గాజుచుక్కలవంటి వడపోతలను చదరంగపు పలకవలె పరతురు. ఈ అమరికకు కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేర 1976లో పేటెంటు లభించెను. ఆ చుక్కల రంగులు కంటికి కనబడు వెలుతురును చక్కగ విడదీయును గాని పరారుణమును ఆపజాలవు. 720 నానోమీటర్ల చేరువ ఎరుపుచుక్క దానిని ధారాళముగను, తక్కిన రెండు కొంత తగ్గించియు పోనిచ్చును. 830 దాటినచో మూడును ఇంచుమించు సమానముగ తలుపులు తెరచును.

ఈ చొరబాటును ఆపుటకే సెన్సారు ముందు పరారుణమును అడ్డగించు గాజుపలకను బిగింతురు. అది లేకున్న ఏమగునో 2006లో లోకము చూచెను. జర్మనీకి చెందిన లైకా సంస్థ తన ఎం8 కెమెరాలో ఆ పలకను పలుచన చేసెను. ఫలితముగ నల్లని కృత్రిమపు గుడ్డలు కొన్ని ఊదారంగున వచ్చెను. నల్లకోటు తొడిగిన పెండ్లికొడుకు ఊదాకోటులో నిలిచినచో ఛాయాచిత్రకారుని గతి యేమి? ఏ వైట్ బ్యాలెన్సుతోను అది తీరలేదు. ఏలయన చిత్రమంతటికి ఒకే గుణకము వర్తించును, పరారుణమో ఒక గుడ్డనుండి వచ్చును, మరియొకదానినుండి రాదు. తుదకు ఆ సంస్థ కెమెరా కొన్నవారికి రెండేసి వడపోత అద్దములను ఉచితముగ ఇచ్చెను.

కెమెరాను మార్పు చేయుట యనగా కోరి ఆ పలకను తీసివేయుటయే. దాని స్థానమున వేరొక గాజును సరియైన మందముతో అమర్పవలెను, లేకున్న దృష్టి కుదరదు. ఫ్లాషు ఉన్న కెమెరాలో కెపాసిటరు దెబ్బ ప్రాణాంతకము కావచ్చును గనుక ఇంటివద్ద విప్పరాదు. మార్పు కూడ అందరికి ఒకటే కాదు. ఆకాశమున నీహారికలను తీయువారికి హైడ్రోజను వెలార్చు 656.3 నానోమీటర్ల ఎరుపు కావలెను; మామూలు పలక దానినికూడ చాలవరకు మ్రింగును. వారికి ఆ ఎరుపును పోనిచ్చు పలక చాలును. 2005లో కానన్ సంస్థ 20డిఎ అను కెమెరాను ఇట్లే తయారుచేసి అమ్మెను. అట్టి కెమెరాతో పగలు ఇంటిల్లిపాదిని తీసినచో ముఖములు కందినట్లుండును. వారికి పచ్చగడ్డితో పనిలేదు. ఎండలో తెల్లకాగితమో, బూడిదరంగు అట్టయో చూపినచో ముఖములు ఇంచుమించు మామూలగును.

కంటికి కనబడునదానిని పూర్తిగ విడిచి 720 దాటినదానినే పట్టు కెమెరా సంగతి వేరు. దానికి తెల్లకాగితము చూపరాదా యన్నచో చూపవచ్చును; చిత్రమును వచ్చును. కాని కాగితము పరారుణమును ఎగురవేయు తీరు వేరు, ఆకు తీరు వేరు. కాగితమును తెలుపనినచో ఆకులకు ఏదో రంగు అంటుకొనును. చిత్రమున ముప్పాతిక భాగము ఆకులే యైనప్పుడు వుడ్ తీర్పునే శిరసావహించుట మేలు. ఎండలో నున్న పచ్చని గడ్డిని తెరనిండ నింపి, తీయబోవు వడపోతతోనే, తీయబోవు వెలుతురులోనే చూపవలెను. వెలుతురు అతిగ సోకరాదు. ఎరుపు గిన్నె ముందుగ నిండి పొంగినచో మూడు గిన్నెల లెక్కయు తప్పును. కొన్ని కెమెరాలు "ఇది తెలుపుగ చెల్లదు" అని త్రోసిపుచ్చుటకు ఇది యొక కారణము. నీడలోని గడ్డియు, ఎండిన గడ్డియు నాకు కుదరలేదు.

కెల్విను అంకెను త్రిప్పి సాధింపవచ్చునని నేను ఒక ఆదివారమెల్ల పాటుపడితిని. వ్యర్థము. పలు కెమెరాలలో ఆ అంకె 2500 వద్ద నిలిచిపోవును. ఈ చిత్రములకు కావలసినది 2000కును దిగువ. కంప్యూటరులో సరిదిద్దు సాధనములును 2000 దాటి క్రిందికి పోవుట అరుదు. ఆ కెమెరాకొరకు వేరుగ వర్ణపట్టికను తయారుచేసికొని పెట్టినగాని దిగవు. ఏలయన కెల్విను కొలమానము కంటికి కనబడు వెలుతురులకు ఏర్పడినది. అట్టి ఎరుపును తెలుపుగ ఎంచుకొను ప్రాణి ఉండునని దానిని ఏర్పరచినవారు ఊహింపలేదు.

గడ్డిని ఒప్పుకొన్న పిదప ఆకులు వెన్నెల పడినట్లు తెల్లనగును, ఆకాశము ఇటుకరంగు దాల్చును. పిమ్మట కొందరు ఎరుపు, నీలముల అంకెలను తారుమారు చేసి ఆకాశమును నీలము చేయుదురు. చూచుటకు అందముగనే యుండును. నేనును చేయుదును. అయితే ఆ నీలము ఆకాశమునుండి వచ్చినది కాదు. మన అలవాటును తృప్తిపరచుటకు వచ్చినది. బొమ్మ క్రింద ఆ మాట వ్రాయుట నా నియమము. కొబ్బరితోటల ఎరుపు నేదియు దాచలేదు కదా!

మొన్న కార్తికమాసమున మా అక్కగారు ఈ కెమెరాతో పూజగదిని తీయుమనిరి. పైన ఎల్.ఇ.డి. బల్బు దేదీప్యమానముగ వెలుగుచుండెను. తీసిన బొమ్మ కటికచీకటి. ఈ క్రొత్తబల్బులు కంటికి కావలసిన వెలుతురునే ఇచ్చి, పరారుణమును దాదాపు ఇయ్యనే ఇయ్యవు. విద్యుత్తు ఆదా అగుటలో ఆ పొదుపునకును పాలు కలదు. అంతట ఆమె ప్రమిదలో నూనెపోసి రెండు వత్తులు వెలిగించిరి. నేను గదిలో గడ్డి లేదని తలచి, కోటలోని తులసికొమ్మను త్రుంచి తెచ్చి, దీపము ప్రక్క నుంచి, కెమెరాకు దానినే తెలుపని చూపితిని. పీటమీద కెమెరాను కదలకుండ నిలిపి నాలుగు సెకనులు తెరచియుంచితిని. బొమ్మలో పటములు, గంట, ఆమె చేతులు, మల్లెవలె తెల్లనైన తులసి, అన్నియు తేటగ వచ్చినవి. "నీ పెట్టెకి ప్రమిద వెలుగే వెలుగల్లే ఉందిరా" అని ఆమె నవ్విరి. పైనున్న బల్బు మాత్రము ఆరిపోయినదానివలె నుండెను.